లారీకి రెండేళ్లకోసారి పరీక్ష, డ్రైవర్‌కు ఐదేళ్లకోసారి: కమర్షియల్ లైసెన్స్ గడువు లెక్క

మన దేశంలో ఇప్పుడు ఇస్తున్న స్మార్ట్ కార్డు డ్రైవింగ్ లైసెన్స్‌ను చేతిలోకి తీసుకుని చూడండి. కమర్షియల్ బండి నడిపేవాళ్ల కార్డు అయితే దాని మీద గడువు తేదీలు రెండుంటాయి. ఎన్‌టీ అని ఉన్న చోట ఒకటి, టీఆర్ అని ఉన్న చోట ఇంకొకటి. ఎన్‌టీ అంటే నాన్ ట్రాన్స్‌పోర్ట్, సొంత బండి నడుపుకోవడానికి. టీఆర్ అంటే ట్రాన్స్‌పోర్ట్, లారీ, బస్సు, ట్యాంకర్ లాంటి వాటికి. 2021లో 27 ఏళ్ల వయసున్న డ్రైవర్ కార్డు మీద ఎన్‌టీ తేదీ 2034 అని ఉంటే, టీఆర్ తేదీ 2026 అని ఉంటుంది. కార్డు ఒకటే, ఫొటో ఒకటే, మనిషీ ఒకడే. రెన్యువల్ చేయించుకోకపోతే 2026 తర్వాత అతను కారు నడపొచ్చు గానీ లారీ ఎక్కకూడదు. పొరపాటున పెద్ద తేదీ ఒక్కటే చూసి ధీమాగా ఉన్నవాళ్లకు అసలు సంగతి తనిఖీలోనో, ప్రమాదం జరిగాక బీమా ఆఫీసులోనో తెలుస్తుంది.

లైసెన్స్ ఎంతకాలం చెల్లుతుందో 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 14వ సెక్షన్ చెబుతుంది. మొదట్లో రవాణా వాహనాల లైసెన్స్‌కు 3 ఏళ్ల గడువే ఉండేది. పెట్రోలు, గ్యాస్, రసాయనాల వంటి ప్రమాదకర సరుకు రవాణా చేసే డ్రైవర్లకైతే ఒక్క ఏడాదే. 2019లో చట్టాన్ని సవరించారు. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి 3 ఏళ్లు కాస్తా 5 అయ్యాయి, ప్రమాదకర సరుకు విషయంలో 1 ఏడాది 3 ఏళ్లయింది. ఈ రెండో రకం వాళ్లు రెన్యువల్‌కు ముందు ఒక రోజు రిఫ్రెషర్ శిక్షణ తీసుకోవాలన్న షరతు మాత్రం అలాగే ఉంది.

సొంత బండి లైసెన్స్ లెక్క వేరు, అది వయసును బట్టి మెట్లు మెట్లుగా నడుస్తుంది. 30 ఏళ్లు నిండకముందు తీసుకుంటే 40 ఏళ్లు వచ్చేవరకు చెల్లుతుంది. 30 నుంచి 50 లోపు వాళ్లకు 10 ఏళ్లు ఇస్తారు. 50 నుంచి 55 లోపు అయితే 60 ఏళ్లు నిండేవరకు. 55 దాటినవాళ్లకు ఒక్కోసారి 5 ఏళ్లు. వయసు పెరిగేకొద్దీ కంటిచూపు, చెవి, చురుకుదనం తగ్గుతాయి కాబట్టి మధ్యమధ్యలో చూసుకోవాలన్నది ఈ మెట్ల వెనక ఉన్న ఆలోచన. బాగానే ఉంది. మరి ఇదే ఆలోచన రవాణా లైసెన్స్ దగ్గర ఏమైపోయింది? అక్కడ 22 ఏళ్ల కుర్రాడికీ 5 ఏళ్లే, 62 ఏళ్ల పెద్దాయనకూ 5 ఏళ్లే. రవాణా వాహనం నడపాలంటే కనీసం 20 ఏళ్లు ఉండాలని చట్టం చెబుతుంది, ఏ వయసు వరకు నడపొచ్చో మాత్రం చెప్పదు. వారానికోసారి కారు తీసే మనిషి వయసును పట్టించుకున్న చట్టం, రోజుకు పదేసి గంటలు స్టీరింగ్ పట్టుకునే మనిషి వయసును పట్టించుకోలేదు.

రెన్యువల్‌లో నిజంగా ఏం చూస్తారు?

ఈ 5 ఏళ్ల అంకె దేన్ని కొలుస్తోందో తెలియాలంటే రెన్యువల్ రోజున జరిగేది చూడాలి. గడువు తీరి ఏడాది దాటితే తప్ప డ్రైవింగ్ టెస్ట్ ఉండదు. ప్రమాదకర సరుకు డ్రైవర్లకు తప్ప మిగతావాళ్లకు ఈ సెక్షన్ కింద క్లాసు కూడా లేదు. తప్పనిసరిగా కావాల్సింది డాక్టర్ ఇచ్చే ఫారం 1ఏ. సొంత బండివాళ్లకు 40 ఏళ్లు దాటాకే ఈ వైద్య ధ్రువీకరణ అవసరం, రవాణా లైసెన్స్‌కు ఏ వయసులోనైనా ఉండాల్సిందే. అంటే ఫీజు, ఫొటో సంగతి పక్కన పెడితే, కమర్షియల్ లైసెన్స్ రెన్యువల్ అంటే అసలుకు వైద్య పరీక్షే.

ఆ ఫారంలో డాక్టర్‌ను అడిగే ప్రశ్నల్లో ఒకటి ఇది: మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబర్ ప్లేట్‌ను ఈ వ్యక్తి గుర్తుపట్టగలడా? ఎరుపు, ఆకుపచ్చ రంగుల మధ్య తేడా తెలుస్తుందా, రేచీకటి ఉందా, చెవులు వినిపిస్తాయా అన్నవి మిగతా ప్రశ్నల్లో కొన్ని. 25 మీటర్లంటే ఎంత దూరమో ఒక్కసారి ఊహించండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే లారీ ఆ దూరాన్ని ఒకటిన్నర సెకనులో దాటేస్తుంది. లోడుతో ఉన్న బండి అంతలో ఆగడం కూడా కష్టం. అంటే ఈ పరీక్ష అడుగుతున్నది మరీ ఎక్కువేమీ కాదు. డ్రైవర్‌కు ఉండి తీరాల్సిన కనీస చూపు ఉందా లేదా అని మాత్రమే అడుగుతోంది. ఆ కనీసం కూడా 5 ఏళ్లకోసారి అడిగితే చాలా అన్నదే ఇక్కడ ప్రశ్న.

2019కి ముందు ఈ పరీక్ష 3 ఏళ్లకోసారి జరిగేది. గడువు 5కు పెరిగినప్పుడు డ్రైవర్లకు ఊరట దొరికిన మాట నిజం. రెన్యువల్ అంటే ఒక రోజు పని పోవడం, స్లాట్ దొరికే దాకా ఎదురుచూడటం, వేరే రాష్ట్రంలో లోడు మీద ఉంటే పరుగున ఊరికి రావడం. రోజు కూలి మీద బతికే మనిషికి ఈ తిరుగుడు తగ్గడం చిన్న విషయం కాదు. కాకపోతే ఆఫీసు పని కోసం పెంచిన గడువు, తనతో పాటు కంటి పరీక్షను కూడా రెండేళ్లు వెనక్కి నెట్టింది. కార్డుకూ ఒంటికీ ఒకటే గడియారం పెట్టడం వల్ల వచ్చిన చిక్కు ఇది. కార్డు 5 ఏళ్లు పాతబడితే వచ్చే నష్టమేమీ లేదు. ఒళ్లు అలా కాదు. షుగర్ ఉన్నవాళ్లకు కంటి వెనక పొర దెబ్బతినడం మొదలైనా మొదట్లో నొప్పి ఉండదు, చూపులో తేడా కూడా తెలియదు. బీపీ సంగతీ అంతే. నిద్ర వేళలు తప్పిన బతుకు, గంటల తరబడి ఒకే సీట్లో కూర్చోవడం, వేళకు తిండి లేకపోవడం, ఇవన్నీ ఈ రెండు జబ్బులకూ దారి తీసేవే. 45 ఏళ్ల డ్రైవర్ ఒంట్లో 5 ఏళ్లలో ఏమైనా జరగొచ్చు.

బండి విషయంలో ఇదే వ్యవస్థ ఎంత జాగ్రత్తగా ఉందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. లారీకి ఫిట్‌నెస్ సర్టిఫికెట్, అందరూ ఎఫ్‌సీ అనేది, బండి వయసు 8 ఏళ్లు వచ్చేవరకు రెండేళ్లకోసారి తీసుకోవాలి. 8 దాటాక ఏటా చేయించాలి. ఇనుము అరుగుతుంది, బ్రేకులు వదులవుతాయి, పాతబడేకొద్దీ తరచుగా చూడాలని నిబంధన రాసినవాళ్లకు తెలుసు. అదే బండిలో స్టీరింగ్ వెనక కూర్చున్న మనిషి కూడా పాతబడతాడు కదా. పదేళ్ల లారీని 58 ఏళ్ల డ్రైవర్ నడుపుతుంటే, 5 ఏళ్లలో ఆ లారీ ఐదుసార్లు పరీక్షకు వెళ్తుంది, అతను ఒక్కసారే వెళ్తాడు.

గడియారాలను విడదీసిన దేశాలు

కార్డు గడువును, వైద్య గడువును విడగొట్టడం సాధ్యమేనా? అమెరికాలో అదే చేస్తున్నారు. అక్కడ ఒకప్పుడు లారీ డ్రైవర్లు రెండు మూడు రాష్ట్రాల లైసెన్సులు దగ్గర పెట్టుకునేవారు. ఒక రాష్ట్రంలో పట్టుబడితే ఇంకో కార్డు తీసేవారు. దాన్ని ఆపడానికి 1986లో ఫెడరల్ చట్టం తెచ్చారు. 1992 ఏప్రిల్ నుంచి భారీ వాహనాలకు కమర్షియల్ డ్రైవర్స్ లైసెన్స్, వాళ్లు పొట్టిగా సీడీఎల్ అనేది, తప్పనిసరి అయింది. లైసెన్స్ ఇచ్చేది రాష్ట్రమే అయినా 8 ఏళ్లకు మించి గడువు ఇవ్వకూడదని ఫెడరల్ నిబంధన ఉంది. ఆ హద్దు లోపల ఎంత ఇవ్వాలన్నది రాష్ట్రాల ఇష్టం.

8 ఏళ్లంటే మన 5 కన్నా ఎక్కువే కదా అనిపిస్తుంది. కానీ అక్కడ కార్డు మీది తేదీ ఒక్కటే లెక్కలోకి రాదు. రాష్ట్రాల మధ్య సరుకు రవాణా చేసే డ్రైవర్ సాధారణంగా 24 నెలలకోసారి వైద్య పరీక్ష చేయించుకోవాలి. పరీక్ష ఏ డాక్టర్ దగ్గరైనా చేయించుకుంటే కుదరదు, జాతీయ రిజిస్ట్రీలో పేరున్న పరీక్షకుడే చేయాలి. బీపీ ఎక్కువగా ఉంటే ఏడాదికే సర్టిఫికెట్ ఇవ్వొచ్చు. ఇన్సులిన్ తీసుకునే షుగర్ రోగికి ఏటా పరీక్ష తప్పదు. అంటే ఒంటి పరిస్థితిని బట్టి గడువు మనిషి మనిషికీ మారుతుంది. వైద్య సర్టిఫికెట్ గడువు తీరిపోయి కొత్తది రాకపోతే, కార్డు మీద ఇంకా 5 ఏళ్లు మిగిలి ఉన్నా సరే, రాష్ట్రం 60 రోజుల్లోగా అతని కమర్షియల్ హోదా తీసేయాలి. సొంత కారు నడుపుకునే అర్హత అతనికి మిగులుతుంది, ట్రక్కు అర్హత పోతుంది. కార్డు మాత్రం జేబులో అలాగే ఉంటుంది.

ఇక్కడ గమనించాల్సింది సమాచారం ఎలా ప్రయాణిస్తుందన్నది. కాగితం సర్టిఫికెట్‌ను డ్రైవరే తీసుకెళ్లి ఇవ్వాల్సిన పద్ధతి అక్కడ చాలాకాలం నడిచింది. 2025 జూన్ నుంచి పరీక్ష ఫలితం ఎలక్ట్రానిక్‌గా నేరుగా రాష్ట్ర లైసెన్స్ విభాగానికి చేరే ఏర్పాటు మొదలైంది. మందు, డ్రగ్ పరీక్షల్లో దొరికినవాళ్ల వివరాలకు ఇంకో ఫెడరల్ డేటాబేస్ ఉంది. అందులో నిషేధం కింద పేరుంటే కమర్షియల్ హోదాను రాష్ట్రాలు తీసేయాలన్న నిబంధన 2024 నవంబరు నుంచి అమల్లో ఉంది. గడువు తేదీ దాకా ఆగనక్కర్లేదు. ప్రమాదకర సరుకు మోయడానికి విడిగా అనుమతి కావాలి, దానికి కనీసం 5 ఏళ్లకోసారి భద్రతా తనిఖీ జరుగుతుంది. ఒకే డ్రైవర్ మీద ఇలా నాలుగైదు గడియారాలు నడుస్తుంటాయి. డ్రైవర్‌కు ఇది తలనొప్పే. ఏ గడియారం దేనికోసం పెట్టారో మాత్రం స్పష్టంగా తెలుస్తుంది.

యూరప్ వాళ్లు ఇంకో దారి పట్టారు. 2013 జనవరి 19 నుంచి అమలైన యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం లారీ, బస్సు లైసెన్స్ గడువు 5 ఏళ్లు. అంకె మనదే. దానికి తోడు శిక్షణ ఉంది: వృత్తిగా లారీ, బస్సు నడిపేవాళ్లు ప్రతి 5 ఏళ్లలో 35 గంటల శిక్షణ పూర్తి చేయాలి. బస్సు డ్రైవర్లకు అక్కడి వృత్తి అర్హత విధానం 2008 సెప్టెంబరులో, లారీ డ్రైవర్లకు 2009 సెప్టెంబరులో మొదలైంది. అది పూర్తయినట్టు లైసెన్స్ మీద 95 అనే కోడ్ వేస్తారు. కన్ను, చెవితో పాటు నైపుణ్యం కూడా తుప్పు పడుతుందని ఒప్పుకోవడమే ఇది. మనకు ఆ ఒప్పుకోలు ప్రమాదకర సరుకు డ్రైవర్ల దగ్గరే ఆగిపోయింది. అది కూడా ఒక్క రోజు.

బ్రిటన్ పద్ధతి అన్నిటికన్నా సులువుగా అర్థమవుతుంది. లారీ, బస్సు డ్రైవర్లు 45 ఏళ్ల లోపు ఉంటే 5 ఏళ్లకోసారి తమ ఆరోగ్యం గురించి తామే సంతకం చేసి ఇస్తే చాలు. 45 నుంచి 5 ఏళ్లకోసారి డాక్టర్ పరీక్ష కావాలి. 65 దాటితే ఏటా. మన చట్టం సొంత బండికి పెట్టిన మెట్ల ఆలోచననే వాళ్లు లారీకి పెట్టారు. నిజానికి ఆ మెట్లు ఉండాల్సిన చోటు అదే.

7,500 కిలోల గీత

మన దగ్గర ఇంకో మెలిక ఉంది, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. సరుకు ఆటో, చిన్న ట్రక్కు, ట్యాక్సీ ఇవన్నీ రవాణా వాహనాలే, డబ్బు కోసం నడిపేవే. వీటికి ట్రాన్స్‌పోర్ట్ అనుమతి విడిగా కావాలా, మామూలు ఎల్‌ఎంవీ (లైట్ మోటార్ వెహికల్, అంటే కారు లాంటి తేలికపాటి బండి) లైసెన్స్ సరిపోతుందా అన్న వివాదం ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగింది. 2017లో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఎల్‌ఎంవీ చాలని చెప్పింది. బీమా కంపెనీలు ఒప్పుకోలేదు. చివరికి ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న అదే మాటను ఖాయం చేసింది. మొత్తం బరువు 7,500 కిలోలు మించని రవాణా వాహనాన్ని ఎల్‌ఎంవీ లైసెన్స్‌తోనే నడపొచ్చని తేల్చింది.

బతుకుతెరువు కోణంలో ఇది న్యాయమైన తీర్పు. ప్రమాదం జరిగినప్పుడు కేవలం కార్డు మీద ఒక ముద్ర లేదన్న కారణంతో పరిహారం ఎగ్గొట్టే దారి మూసుకుపోయింది. కానీ గడువు లెక్కలో దీని ఫలితం ఏమిటో చూడండి. 25 ఏళ్ల కుర్రాడు ఎల్‌ఎంవీ లైసెన్స్ తీసుకుని చిన్న ట్రక్కు నడపడం మొదలుపెడితే, 40 ఏళ్లు వచ్చేవరకు, అంటే 15 ఏళ్లపాటు, లైసెన్స్ కోసం ఏ డాక్టర్ ముందుకూ వెళ్లక్కర్లేదు. 7,500 కిలోల గీతకు అవతల ఉన్నవాడికి 5 ఏళ్లు, ఇవతల ఉన్నవాడికి 15. రోడ్డు మీద ఇద్దరూ చేసేది అదే పని, రాత్రీ పగలూ అదే. కోర్టు తన ముందుకొచ్చిన చట్టాన్ని చదివి చెప్పింది, గడువును సరిచేయడం కోర్టు పని కాదు. అది శాసనం చేసేవాళ్లు చూసుకోవాల్సింది, ఇంకా చూసుకోలేదు.

తేదీ దాటితే

పాత చట్టంలో ఒక వెసులుబాటు ఉండేది. లైసెన్స్ గడువు తీరినా ఇంకో 30 రోజులు చెల్లేది. 2019 సవరణలో ఆ నెల తీసేశారు. గడువు 3 నుంచి 5కు పెరిగిందన్న వార్త అందరికీ చేరింది. ఈ కోత సంగతి అంతగా చేరలేదు.

ఒక ఉదాహరణతో చూద్దాం. డ్రైవర్ టీఆర్ గడువు మార్చి 10తో తీరింది. లోడు మీద ఉండి రాలేకపోయాడు, ఏప్రిల్ 25న రెన్యువల్ చేయించుకున్నాడు. మధ్యలో ఏప్రిల్ 2న చిన్న ప్రమాదం జరిగింది. పాత చట్టంలో ఏప్రిల్ 2 ఆ 30 రోజుల లోపలే ఉంది కాబట్టి లైసెన్స్ ఉన్నట్టే లెక్క. ఇప్పుడలా కాదు. గడువు దాటాక ఏడాదిలోపు ఎప్పుడైనా రెన్యువల్ చేయించుకోవచ్చని 15వ సెక్షన్ చెబుతున్నా, అది రెన్యువల్ చేసిన రోజు నుంచే అమల్లోకి వస్తుంది, పాత తేదీకి అతుక్కోదు. మార్చి 11 నుంచి ఏప్రిల్ 24 దాకా, 45 రోజులు, అతనికి లారీ నడిపే లైసెన్స్ లేనట్టే. ఏడాది కూడా దాటిపోతే మళ్లీ డ్రైవింగ్ టెస్ట్ పాసవ్వాలి. ఇదివరకు ఈ టెస్ట్ 5 ఏళ్లు దాటాకే ఉండేది.

ఈ ఖాళీ ఎంత గట్టిదో 2025లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన తెలంగాణ కేసులో తేలింది. పోలీసు, అగ్నిమాపక శాఖల్లో డ్రైవర్ పోస్టులకు రెండేళ్లపాటు విరామం లేకుండా లైసెన్స్ ఉండాలని నోటిఫికేషన్‌లో షరతు పెట్టారు. కొందరు అభ్యర్థుల లైసెన్స్ మధ్యలో గడువు తీరి, తర్వాత రెన్యువల్ అయింది. ఏడాదిలోపే చేయించుకున్నాం కదా, విరామం ఎలా అవుతుందని వాళ్ల వాదన. హైకోర్టు ఒప్పుకుంది, సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. గడువు తీరిన రోజు నుంచి రెన్యువల్ వరకు లైసెన్స్ లేనట్టేనని చెప్పింది. బండి నడపడం వచ్చినా, చేతిలో కార్డు ఉన్నా, మధ్యలో పోయిన రోజుల వల్ల ఉద్యోగం అందకుండా పోయింది.

రోడ్డు మీద నష్టం ఇంకా పెద్దది. లైసెన్స్ లేకుండా నడిపితే జరిమానా 500 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది, బండి ఇచ్చిన యజమాని మీద కూడా అంతే పడొచ్చు. అది కట్టేసి బయటపడొచ్చు. ప్రమాదంలో ఎవరైనా చనిపోతే మాత్రం జరిమానాతో పోదు. ఇలాంటి కేసుల్లో బాధితుడి కుటుంబానికి పరిహారం ముందు బీమా కంపెనీ చెల్లించి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెబుతుంటాయి. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ పద్ధతికి ప్రధాన ఆధారం. బాధితులకు అన్యాయం జరగకుండా ఇది కాపాడుతుంది. ఒక్క లారీని అప్పు మీద కొనుక్కుని నడుపుకునే చిన్న యజమాని మాత్రం ఆ వసూలుతో కోలుకోలేడు.

అవసరమైతే గడువును ఎంత తేలిగ్గా పొడిగించవచ్చో కరోనా కాలంలో చూశాం. 2020 ఫిబ్రవరి 1 తర్వాత గడువు తీరిన లైసెన్సులను, ఎఫ్‌సీలను, పర్మిట్లను చెల్లినట్టే చూడాలని కేంద్రం చెప్పింది. మొదట జూన్ 30 వరకు అన్నారు, పెంచుకుంటూ 2021 అక్టోబరు 31 దాకా తీసుకెళ్లారు. ఆఫీసులు మూతపడిన రోజుల్లో అది సరైన పనే. కార్డు తేదీ అన్నది ఆఫీసు వీలును బట్టి జరుపుకోగలిగిన అంకె అని కూడా అందులోనే తేలిపోయింది. ఆ 21 నెలల్లో వాయిదా పడ్డ కంటి పరీక్షలను మాత్రం అలా కాగితం మీద జరపలేం.

అందుకే చేయాల్సిన మార్పు గడువును మళ్లీ 3 ఏళ్లకు తగ్గించడం కాదు. అలా చేస్తే డ్రైవర్‌ను మళ్లీ ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిప్పడమే అవుతుంది. కార్డుకు 5 ఏళ్లు ఉంచొచ్చు, అవసరమైతే ఇంకా పెంచొచ్చు. వైద్య పరీక్షను దాన్నుంచి విడదీయాలి. 45 దాటాక రెండేళ్లకోసారి, 60 దాటాక ఏటా, షుగరు, బీపీ ఉన్నవాళ్లకు డాక్టర్ చెప్పినంత తొందరగా. ఫలితం ఆన్‌లైన్‌లో లైసెన్స్ రికార్డుకు చేరిపోతే డ్రైవర్ ఆఫీసు మెట్లెక్కే పనే ఉండదు. చూపు తగ్గిందని తేలినవాడికి కళ్లద్దాలు ఇప్పించాలి, లైసెన్స్ లాగేసుకోవడం మొదటి మాట కాకూడదు. లేకపోతే ఎవరూ నిజం చెప్పరు. ఖర్చు డ్రైవర్ మీద పడకూడదు, బండికి ఎఫ్‌సీ ఖర్చు పెట్టుకునే యజమానే ఇదీ పెట్టుకోవాలి. పోయిన 30 రోజుల వెసులుబాటును కూడా తిరిగి తేవాలి. దూరప్రాంతాల లోడు మీద ఉన్న మనిషికి ఆ నెల చాలా ముఖ్యం.

చట్టం మారేదాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది. గడువుకు ఏడాది ముందు నుంచే రెన్యువల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు, ఈ సంగతి తెలిసినవాళ్లు లోడుల మధ్య ఖాళీ చూసుకుని పని కానిచ్చుకుంటారు. లారీ ఆఫీసుల్లో బండి నంబరు పక్కన ఎఫ్‌సీ, పర్మిట్, ఇన్సూరెన్స్, ట్యాక్స్ తేదీలు రాసి పెట్టుకునే రిజిస్టర్ ఉంటుంది. అందులో ఇంకో రెండు గళ్లు గీస్తే చాలు: డ్రైవర్ టీఆర్ తేదీకి ఒకటి, చివరిసారి కళ్లు చూపించుకున్న తేదీకి ఒకటి.